అలెప్పీకి స్నేహితులతో: హౌస్‌బోటా, షికారానా, సర్కారు బోటా?

కేరళలోని అలెప్పీ వెళ్దామని గ్రూపులో ఎవరో ఒకరు అనడమే ఆలస్యం, హౌస్‌బోట్ ఫొటోలు వచ్చి పడతాయి. ఇక చర్చంతా ఎన్ని బెడ్‌రూములు, తలకి ఎంత పడుతుంది అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. ఊరి సంగతి ఎవరూ అడగరు. తిరకాసంతా అక్కడే ఉంది. హౌస్‌బోట్ ఎక్కితే అలెప్పీ ఊరు మీకు కనపడదు.

లెక్క వేసి చూడండి. మామూలుగా మధ్యాహ్నం 12కి ఎక్కిస్తారు, మర్నాడు ఉదయం 9కి దించేస్తారు. అంటే 21 గంటలు. సాయంత్రం 5:30 అయ్యేసరికి బోటు ఎక్కడో ఒక గట్టున కట్టేయాల్సిందే. రాత్రిపూట కాయల్‌లో, అంటే ఇక్కడి బ్యాక్‌వాటర్ సరస్సులో, జాలర్లు వలలు వేస్తారు, హౌస్‌బోట్లు తిరిగితే అవి తెగిపోతాయి, అందుకే ఆ నిబంధన. మధ్యాహ్నం భోజనానికి గంటసేపు ఆపుతారు. పొద్దున్న తిరుగు ప్రయాణం ఇంకో గంట. మొత్తం కలిపితే బోటు నీళ్ల మీద కదిలేది అయిదూ అయిదున్నర గంటలే. మిగతా సమయమంతా అది కదలని గది. అలెప్పీ బీచ్‌లో సూర్యాస్తమయం చూసే వేళకి మీరు వరిచేను గట్టున దోమలు తోలుకుంటూ ఉంటారు. అది నచ్చేవాళ్లూ ఉన్నారు, కాదనలేం. కానీ తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక ఇరుక్కోవడం వేరు.

ఎంచుకోవడానికి ఉన్నవి నాలుగు: రాత్రి బస ఉండే హౌస్‌బోట్, గంటల లెక్కన షికారా, తెడ్డు పడవ, కేరళ రాష్ట్ర జలరవాణా శాఖ బోటు. పగలు మాత్రమే తిప్పి సాయంత్రం దించేసే హౌస్‌బోట్ కూడా దొరుకుతుంది. అది మొదటిదానికి తమ్ముడు లాంటిది, విడిగా చెప్పేంత తేడా లేదు.

హౌస్‌బోట్: ఎక్కేముందు అడగాల్సినవి

హౌస్‌బోట్ అసలు పేరు కెట్టువళ్ళం, అంటే కట్టిన పడవ. కెట్టు అంటే మన కట్టే. ఆంజిలి చెక్క పలకల్ని మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, పైన జీడిగింజల పెంకు నుంచి తీసిన నల్లటి పూత పూస్తారు. ఒకప్పుడు అలెప్పీ చుట్టుపక్కల వరి పండే కుట్టనాడు ప్రాంతపు ధాన్యాన్ని కొచ్చికి మోసింది ఇవే. లారీలు, వంతెనలు వచ్చాక పని పోయి, గదులు కట్టించుకుని టూరిస్టుల్ని మోస్తున్నాయి.

ఎక్కువ మంది చేసే తప్పు పెద్ద బోటు కోరుకోవడం. ఎనిమిది మందికి నాలుగు గదులు, పైన డెక్కు ఉన్న బోటు ఫొటోలో బాగుంటుంది. కానీ అంత వెడల్పున్న బోటు సన్నటి కాలువల్లోకి పోదు. పై డెక్కు ఉంటే కొన్ని వంతెనల కింద పట్టదు. దాంతో అది వేంబనాడు కాయల్ విశాలమైన నీళ్లలో ఒక చుట్టు తిరిగి వస్తుంది. ఇళ్ల ముంగిట బట్టలుతికే మెట్లు, బడికి పడవలో పోయే పిల్లలు, నీటి మట్టం కన్నా కిందున్న పొలాలు, అంటే అందరూ అలెప్పీ అనుకునేదంతా, కాలువల్లోనే ఉంటుంది. ఆరుగురికి మించితే రెండేసి గదుల బోట్లు రెండు తీసుకోవడం మేలు. పక్కపక్కనే కట్టమంటే కడతారు. ఖర్చు కాస్త పెరుగుతుంది, చూసేది చాలా పెరుగుతుంది.

డబ్బులిచ్చే ముందు ఈ ప్రశ్నలు వేయండి. ఏసీ ఎప్పుడెప్పుడు వేస్తారు? చాలా బోట్లలో ఏసీ అంటే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకానే. పగలంతా కావాలంటే వేరే రేటు. రాత్రి ఎక్కడ కడతారు? కొందరు సాయంత్రం వెనక్కి తిప్పుకొచ్చి, ఎక్కిన రేవుకి దగ్గర్లోనే ఇరవై ముప్ఫై బోట్ల మధ్య కట్టేస్తారు. అన్నింటి జనరేటర్లూ కలిసి మోగుతాయి. గట్టున కరెంటు లైను తీసుకునే చోట కడితే ఆ బాధ ఉండదు. బోటు రిజిస్ట్రేషన్, ఎంతమందికి అనుమతి? కాగితం చూపించమనండి, మొహమాటం అక్కర్లేదు. లైఫ్ జాకెట్లు మీ తలల లెక్కకి సరిపోయాయా? గోదావరి మీద కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న జరిగింది విన్న తెలుగువాళ్లకి ఈ ప్రశ్న ఎందుకో చెప్పనక్కర్లేదు. ఫొటో కోసం అందరూ పై డెక్కు మీద ఒకే పక్కకి చేరడం కూడా మానుకోవాల్సిన పనే.

గదుల్లో ముందువైపువి తీసుకోండి. వంటగది, ఇంజను, జనరేటరు సాధారణంగా వెనకే ఉంటాయి. వెనక గదికి వేడీ మోతా రెండూ వస్తాయి.

ధర మీద ఒక మాట. బోటు రేటు గదుల లెక్కన ఉంటుంది, కాబట్టి ఇద్దరు ఆఖరి నిమిషంలో రామంటే ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుంది. బోటుకి 24,000 అనుకుందాం. ఎనిమిది మందైతే తలకి 3,000, ఆరుగురైతే 4,000. అడ్వాన్సు అందరి దగ్గరా ముందే వసూలు చేసుకున్న గ్రూపుల్లో స్నేహాలు నిలుస్తాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా రేట్లు బాగా పెరుగుతాయి, అప్పుడు బేరం కుదరదు. వర్షాకాలంలో మామూలు రోజున అయితే ఉదయం 10 గంటలకి పున్నమడ ఫినిషింగ్ పాయింట్ రేవుకి పోయి, నాలుగు బోట్లెక్కి బాత్రూమ్ తలుపు తీసి చూసి మరీ బేరమాడొచ్చు. బస్టాండు దగ్గర వెంటపడే బ్రోకర్ చూపించిన ఫొటోకీ, అతను ఎక్కించే బోటుకీ పోలిక ఉండాలని ఏమీ లేదు. బోటు పేరు రాయించుకోండి, అదే పేరున్న బోటు వస్తేనే ఎక్కండి.

తిండి

భోజనం బోటు రేటులోనే కలిసి ఉంటుంది. మధ్యాహ్నం లావు ఎర్రబియ్యం అన్నం, సాంబారు, క్యాబేజీ తోరన్ (కొబ్బరి వేసిన వేపుడు), అప్పడం, మనిషికో కరిమీన్ చేప వేపుడు. సాయంత్రం టీతో అరటిపండు బజ్జీ. రాత్రికి చపాతీ, చికెన్. అంతా కొబ్బరి నూనెలోనే. మన నాలుకకి కారం చప్పగా తగులుతుంది. తెల్లన్నం కావాలంటే ఎక్కగానే కాదు, బుక్ చేసేటప్పుడే చెప్పాలి, ఎందుకంటే సరుకులు ఉదయమే కొనేస్తారు. ఆవకాయ సీసా, కందిపొడి పొట్లం తీసుకెళ్తే ఎవరూ ఏమీ అనరు.

దారిలో బోటు ఒక చేపల కొట్టు దగ్గర ఆగుతుంది. పెద్ద రొయ్యలు, కరిమీన్ ఐసు మీద పరిచి చూపిస్తారు. అక్కడ కొనడం తప్పనిసరేం కాదు. కొంటే ముందు కిలో ధర అడగండి, తూకం మీ కళ్లముందు వేయించండి, వండినందుకు వంటాయన విడిగా ఎంత తీసుకుంటాడో కూడా అప్పుడే తేల్చుకోండి. కరిమీన్‌కి ముళ్లు ఎక్కువ. అరిటాకులో మసాలా పెట్టి కాల్చే ‘పొళ్ళిచ్చదు’ అనే వంటకంలోనే దాని అసలు రుచి. అది బోటు మీద కన్నా ఊళ్లో బాగుంటుంది.

మందు సంగతి కూడా తెలిసి ఉండాలి. కేరళలో 23 ఏళ్లు నిండాలి, ప్రతి నెలా 1వ తేదీన మద్యం దుకాణాలు మూసేస్తారు. బోట్లో దాని గురించి ఏ నియమం ఉందో యజమానిని బట్టి ఉంటుంది. తాగి గట్టుకీ బోటుకీ మధ్య పలక మీద రాత్రిపూట నడవడం మాత్రం ఏ నియమం ఉన్నా లేకపోయినా ప్రమాదమే.

సర్కారు బోటు

డబ్బులు తక్కువ, చూసేది ఎక్కువ కావాలంటే దీన్ని మించింది లేదు. జలరవాణా శాఖ ప్రధాన కార్యాలయమే అలెప్పీలో ఉంది, రేవు కేఎస్ఆర్‌టీసీ బస్టాండు పక్కనే. ఇవి టూరిస్టు బోట్లు కావు. కూరగాయల సంచులు, ఆఫీసు బ్యాగులు, బడి పిల్లలు, అందరూ ఎక్కే బస్సులే, కాకపోతే నీటి మీద తిరుగుతాయి. టికెట్టు ఆటో ఛార్జీ కన్నా తక్కువ.

వీటిలో రెండు దారులు ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది అలెప్పీ నుంచి కొట్టాయం, సుమారు రెండున్నర గంటలు. కాయల్ దాటి సన్నటి కాలువలోకి దూరుతుంది. అక్కడ కాలినడక వంతెనల్ని బోటు వచ్చినప్పుడు పైకి లేపుతారు. ఆ వంతెనలు పాడైతే బోటు కొట్టాయం దాకా రాకుండా కాంజిరం దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్నుంచి బస్సో ఆటోనో పట్టుకోవాలి. కాబట్టి ఎక్కేముందు ఈరోజు ఎక్కడిదాకా పోతుందో రేవులో అడగండి. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లకి ఈ దారి బంగారం. ఆ రైలు అలెప్పీ వైపు రాదు, కొట్టాయం మీదుగా పోతుంది. కొట్టాయంలో దిగి కోడిమత రేవు నుంచి బోటెక్కితే, అసలు ప్రయాణమే విహారం అయిపోతుంది. ఒక్క చిక్కుంది: నవంబరు నుంచి జనవరి మధ్య దాకా ఆ రైలు అయ్యప్ప స్వాములతో కిక్కిరిసి ఉంటుంది, టికెట్లు చాలా ముందే చేసుకోవాలి. విశాఖ, రాజమండ్రి, విజయవాడ వాళ్లకి ఈ బెంగ లేదు. ధన్‌బాద్ నుంచి వచ్చే రైలు నేరుగా అలెప్పీలోనే ఆగిపోతుంది.

రెండోది అలెప్పీ నుంచి నెడుముడి. బోటులో పోయి, అక్కణ్నుంచి చంగనాశ్శేరి రోడ్డు మీద బస్సులో తిరిగి రావచ్చు. వచ్చిన దారినే మళ్లీ చూస్తూ కూర్చునే విసుగు ఉండదు. పూటలో అయిపోతుంది, మిగతా పూట ఊరికి మిగులుతుంది.

కాస్త సౌకర్యం కావాలంటే అదే శాఖ వారి ‘వేగ’ అనే 120 సీట్ల బోటు ఉంది. పాతిరామణల్ దీవి, కుమరకోం వైపు చుట్టి సుమారు అయిదు గంటల్లో తిరిగొస్తుంది. ఏసీ, నాన్ ఏసీ సీట్లు వేర్వేరు. సెలవు రోజుల్లో ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు.

సర్కారు బోటులో ఇబ్బందులు కూడా చెప్పుకోవాలి. ఉదయం 8 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 6 మధ్య రద్దీ. ఎనిమిది మందికి ఒకేచోట సీట్లు దొరకవు. పెద్ద సూట్‌కేసులతో ఎక్కితే ఊరివాళ్లకి దారి అడ్డం. ఇది వాళ్ల రోజువారీ బండి, మన పార్టీ కాదు. స్పీకర్లో పాటలు పెట్టకండి.

షికారా, తెడ్డు పడవ

ఇక్కడ షికారా అంటే పైకప్పు, దిండ్ల సీట్లు, చిన్న మోటారు ఉన్న పడవ. పేరు కశ్మీరుది, నీళ్లు కేరళవి. గంటకింత అని మాట్లాడుకోవాలి. రేటు పడవకా మనిషికా అన్నది మొదటే తేల్చుకోండి, గొడవలన్నీ అక్కడే పుడతాయి. రెండు గంటలకి తక్కువ తీసుకుంటే దండగ, ఎందుకంటే రేవు చుట్టూ ఉన్న హౌస్‌బోట్ల గుంపు దాటి సన్నటి కాలువ చేరడానికే అరగంట దాకా పోతుంది. మూడు నాలుగు గంటలు తీసుకుని, దారిలో ఊరివాళ్ల ఇంటి భోజనశాల దగ్గర ఆపమంటే సరిగ్గా సరిపోతుంది.

తెడ్డు పడవ అన్నిటికన్నా నిశ్శబ్దం. పడవకి నలుగురికి మించకూడదు, ఎనిమిది మందికి రెండు కావాలి. ఉదయం 6, 6:30కి బయల్దేరాలి. తొమ్మిది దాటితే ఎండ నెత్తిన పడుతుంది, హౌస్‌బోట్ల అలలకి పడవ ఊగుతుంది. ఈ ఒక్క కారణానికే చాలామంది మళ్లీ ఎక్కుతామంటారు: పొలం గట్టు పక్కన తెడ్డు వేస్తూ పోతుంటే, కుడి వైపు నీళ్లు మీ నడుం ఎత్తులో, ఎడమ వైపు వరి మీ కాళ్ల కిందెక్కడో కనిపిస్తాయి. కుట్టనాడు పొలాలు సముద్ర మట్టానికి దిగువన ఉంటాయి. గట్టు కట్టి, లోపలి నీళ్లు పంపులతో తోడేసి పండిస్తారు. ఈ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మన కోనసీమ రైతుకి చూపిస్తే నమ్మలేడు.

ఈత సంగతి: కాయల్‌లో దూకకండి. అడుగున బురద, గుర్రపు డెక్క తీగలు, పక్కనే తిరిగే ఇంజన్ల రెక్కలు.

ఊరికి ఒక రోజు ఎలా ఇవ్వాలి

అలెప్పీని ఓడరేవుగా కట్టించింది తిరువితాంకూరు (ట్రావెన్‌కోర్) దివాను రాజా కేశవదాసు, 18వ శతాబ్దంలో. సముద్రం నుంచి కాయల్ దాకా సరుకు రవాణాకి రెండు కాలువలు తవ్వించారు. ఊరంతా ఈ రెండు కాలువల మధ్యనే అల్లుకుంది. దారి తప్పితే ఏదో ఒక కాలువ గట్టు పట్టుకుని పడమరకి నడవండి, బీచ్ వస్తుంది. 1859లో జేమ్స్ డారా అనే విదేశీయుడు ఇక్కడ కొబ్బరి పీచు చాపల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ కాలపు గోదాములు ఇంకా అక్కడక్కడా పెచ్చులూడి కనిపిస్తాయి. వ్యాపారానికి వచ్చిన గుజరాతీల వీధి, అందులో జైన దేవాలయం ఉన్నాయి.

పొద్దున్న రేవు దగ్గర మొదలుపెట్టి ముల్లక్కల్ వీధి, రాజరాజేశ్వరి గుడి చూసుకుని, ఎండెక్కే వేళకి తిని పడుకోండి. మధ్యాహ్నం 3 దాటాక దీపస్తంభం (లైట్‌హౌస్). 1862 నాటిది, లోపల మెలికల మెట్లు. సోమవారం సెలవు, మధ్యాహ్నం కాసేపు మూస్తారు. సోమవారం ఒక్కటే ఊళ్లో ఉండేలా ప్లాన్ చేసుకుని తలుపు దాకా పోయి వెనక్కొచ్చే గ్రూపులు తక్కువేం కాదు. అక్కణ్నుంచి బీచ్ నడక దూరం. సముద్రంలోకి సాగిన పాత ఇనుప వంతెన మిగులు స్తంభాలు, వెనకనే 2021లో తెరిచిన బైపాస్ ఫ్లైఓవర్. ఇక్కడి కెరటాలు లోపలికి లాగుతాయి, మోకాలి దాకా చాలు.

సగం రోజు మిగిలితే అంబలప్పుళ పోండి, దక్షిణంగా 14 కిలోమీటర్లు, బస్సులు విరివిగా ఉంటాయి. శ్రీకృష్ణుడి గుడిలో పాల్‌పాయసం ప్రసాదం. రాజుతో చదరంగం ఆడిన ముని గడికి రెట్టింపు చొప్పున బియ్యపు గింజలు అడిగిన కథ ఈ గుడిదే. ఆ బాకీ తీర్చడానికే ఈ పాయసం అంటారు. టికెట్టు పొద్దున్నే తీసుకోవాలి, ఆలస్యమైతే అయిపోతుంది. మగవాళ్లు చొక్కా విప్పాలి, పంచె ఉంటే మంచిది.

మీ గ్రూపుకి ఏది?

రెండు పగళ్లు, ఒక రాత్రి మాత్రమే ఉన్న ఆరేడుగురు కుర్రాళ్లకి మా సలహా హౌస్‌బోట్ కాదు. ఊళ్లో, రేవుకి దగ్గరగా హోమ్‌స్టే తీసుకోండి. మొదటి రోజు మధ్యాహ్నం నుంచి ఊరు, బీచ్. రెండో రోజు పొద్దున్న తెడ్డు పడవ, తరువాత నెడుముడి బోటు, బస్సులో వెనక్కి. హౌస్‌బోట్‌కి పెట్టే డబ్బులో సగం కూడా కాదు.

చాలా ఏళ్లకి కలిసి, కదలకుండా కబుర్లు చెప్పుకోవాలనుకునేవాళ్లకి, లేదా మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉన్నవాళ్లకి హౌస్‌బోటే సరైనది. అయితే ముందురోజు రాత్రి ఊళ్లో ఉండేలా రైలు చూసుకోండి. ఉదయం 7కి దిగి 12 దాకా సామాన్లతో రోడ్డు మీద నిలబడటం కంటే ఇది నయం. చిన్నపిల్లలుంటే షికారా. గది రేలింగులకి కాపలా కాసే పని ఉండదు.

నెలల సంగతికొస్తే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వాతావరణానికి మంచిది, జేబుకి చెడ్డది. పైగా ఆ కాలంలో ఉప్పునీరు రాకుండా తన్నీర్‌ముక్కం ఆనకట్ట మూసేస్తారు, నీరు కదలక గుర్రపు డెక్క పేరుకుని కొన్ని కాలువలు వాసన వేస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు వానలు. పచ్చదనం, తక్కువ రేట్లు. కానీ వాతావరణ హెచ్చరిక వస్తే కలెక్టరు బోట్లు ఆపేయిస్తారు. ఆ రోజుకి డబ్బు వాపసా, తేదీ మార్పా అన్నది బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. సాధారణంగా ఆగస్టులో వచ్చే నెహ్రూ ట్రోఫీ, అంటే చుండన్ అనే పొడవాటి పాము పడవల పందెం, జరిగే రోజు పున్నమడ వైపు మామూలు బోట్లు తిరగవు. పందెం చూడాలంటే టికెట్టు కొనుక్కుని ఆ ఒక్కదానికే రండి, చూడక్కర్లేదంటే ఆ వారాంతం వదిలేయండి. మార్చి నుంచి మే ఉక్కపోత. అప్పుడు వెళ్తే పగలు ఏసీ లేని హౌస్‌బోట్ తీసుకోవద్దు.

సామాన్లలో మర్చిపోయేవి: దోమల క్రీము, ఫోన్‌కి నీళ్లు చొరని సంచి, తడిసినా జారని చెప్పులు, చిల్లర నోట్లు. చివరిది సర్కారు బోటు కండక్టరు కోసం. ఎనిమిది టికెట్లకి అయిదు వందల నోటు ఇస్తే, చిల్లర చేతికొచ్చేలోపు దిగాల్సిన రేవు వచ్చేస్తుంది.